కబుర్లత్త

నాలుగో అంతస్తుకు వెళ్లే మెట్ల మలుపులో ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకుంది కబుర్లత్త. భుజాన వేలాడే సంచికి బరువు కంటే చప్పుడే ఎక్కువ. చెక్క గరిటెలు, మూతల డబ్బాలు, గింజలు పోసి గట్టిగా బిగించిన సీసాలు, అంచులు నలిగిన బొమ్మల పుస్తకాలు. ఆ గలగల విని మెట్ల మీద ఆడుకునే పిల్లలు పక్కకు జరిగి దారిచ్చారు. వాళ్లలో సగంమంది నోట్లో పెట్టుకుని చీకిన గరిటెలే అవి.

ఆమె చేసే ఉద్యోగం ఏమిటంటే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. పేటలోని తల్లిదండ్రుల కేంద్రం తరఫున ఇళ్లకు వెళ్లి, చంటిపిల్లలతో ఎలా మాట్లాడాలో, ఎలా ఆడుకోవాలో పెద్దవాళ్లకు చూపిస్తుంది. "కబుర్లు చెప్పడం కూడా ఓ ఉద్యోగమేనా అమ్మా?" అని బస్సు నడిపే కొడుకు ఏడిపిస్తూ ఉంటాడు. "నువ్వు హారన్ కొట్టడం ఉద్యోగమైనప్పుడు ఇదెందుకు కాదురా?" అంటుంది.

నిజానికి ఆమెను ఈ పనిలోకి దింపినవాడు వాడే. పుట్టిన కొత్తలో పగలూ రాత్రీ గుక్కపట్టి ఏడ్చేవాడు. వాడితోపాటు తనూ ఏడుస్తూ ఒకరోజు ఆ కేంద్రం గుమ్మం ఎక్కింది. అక్కడి పెద్దావిడ బిడ్డను అందుకోలేదు. పక్కన చతికిలబడి, "వాడికి ఏదో ఒకటి చెప్పమ్మా, వింటాడు" అంది. ఏం చెప్పాలో తోచక ఆరేసిన దుప్పటి గాలికి ఎగిరిపోయిన సంగతి చెప్పింది. వాడు ఏడుపు ఆపి ఆమె పెదాల వంకే చూశాడు. ఆ చూపు ఆమెను ఇక వదల్లేదు. జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి, కేంద్రంలో ఎందరో వచ్చి వెళ్లారు. ఆమె మాత్రం సంచి భుజాన వేసుకుని మెట్లు ఎక్కుతూనే ఉంది.

ఇవాళ తలుపు తీసింది పాప తండ్రి, వడ్రంగి. ఇన్నాళ్లూ ఆమె రాగానే చెప్పుల్లో కాళ్లు దూర్చి జారుకునేవాడు. రోజూ కాస్త పొద్దెక్కాక కుట్టుమిషన్ల కార్ఖానాకు వెళ్లే భార్యకు పెందలాడే పని పడడంతో ఇవాళ చిక్కిపోయాడు. తలూపి లోపలికి రమ్మన్నాడు. గదిలో కొత్త చెక్క వాసన. కిటికీ కింద చాప మీద పాప కూర్చుని ఉంది. ఏడాది నిండవస్తున్నా ఊ అనదు, ఆ అనదు. చెవులు బాగున్నాయని డాక్టరు చెప్పాడు. తల్లి పనికి వెళ్లాక పగలంతా పాప, ఇంట్లోనే చెక్కపని చేసుకునే తండ్రి దగ్గరే ఉంటుంది. ఆ ఇంట్లో పగటిపూట మాటన్నదే వినపడదని కబుర్లత్త ఎప్పుడో గ్రహించింది. ఎందుకన్నదే తెలియదు.

పాపకు డబ్బా ఇచ్చి, "నాన్నని పిలుద్దామా?" అంది. అతను గోడకు అతుక్కుపోయాడు.

"రా నాయనా, కూర్చో. దానితో ఓ మాట చెప్పు."

అతను తల అడ్డంగా ఊపాడు. పెదాలు కదిలాయి. "నా... నాకు న... నత్తి అత్తా. పా... పాపకి అం... అంటుకుంటే?"

కబుర్లత్తకు అప్పుడు అర్థమైంది. కూతురికి తన మాట సోకకూడదని ఇన్ని నెలలు నోరు కుట్టేసుకున్నాడు ఈ పిల్లాడు!

"అంటుకోడానికి అదేమైనా జలుబా నాయనా?"

"అం... అందరూ న... నవ్వుతారు."

"నిన్ను ఎగతాళి చేసి నవ్వడం దీనికి రాదు. నువ్వు కనిపిస్తే నవ్వొస్తుంది, అంతే."

అతను మెల్లగా వచ్చి చాప మీద మోకాళ్లూనాడు. మొరటు వేళ్లతో పాప పాదం పట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "బ... బ... బ..." మెడ నరాలు పొంగాయి. మాట అక్కడే చిక్కుకుపోయింది. అతనేం అనబోతున్నాడో కబుర్లత్తకు తెలుసు. మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది ఆమె అనాల్సిన మాట కాదు. పళ్లు బిగబట్టింది.

పాప చేతిలోని డబ్బా జారిపోయింది. తండ్రి పెదాల వంక రెప్ప వేయకుండా చూసింది. తన పెదాలు కలిపింది, విప్పింది.

"బ."

అతను కళ్లు తెరిచాడు.

"బ బ బ బ!" అంది పాప, ఇంత మంచి ఆట ఇన్నాళ్లూ ఎక్కడ దాచావన్నట్టు.

"బ... బ..." అన్నాడు అతను. "బ బ!" అంది పాప. అతను ఆగితే తను అందుకుంది, తను ఆగి అతని కోసం ఎదురుచూసింది. ఆ అక్షరం దగ్గర అతని కోసం ఓపిగ్గా ఆగినవాళ్లు బహుశా లోకంలో ఎవరూ ఉండి ఉండరు. ఇప్పుడు పాప ఆగడమే కాదు, బదులు కూడా చెబుతోంది. ఆ సందడిలో "బంగారం" అన్న మాట ఎప్పుడు పూర్తిగా బయటికొచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

కబుర్లత్త ఒళ్లు జలదరించింది. ఇలాంటి తొలిమాటలు ఎన్ని వినలేదు తను! అయినా ప్రతిసారీ అంతే. ఎక్కడినుంచి వస్తుందిది? నిన్నటిదాకా లేని మాట, ఎవరూ చేత్తో పెట్టని మాట! చప్పట్లు కొట్టాలో దండం పెట్టాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

వెళ్లేటప్పుడు గుమ్మంలో రహస్యంగా అంది: "సాయంత్రం మీ ఆవిడకి నువ్వేం చెప్పకు. తననే విననీ."

కేంద్రానికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హాల్లో తల్లులూ తండ్రులూ పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని గుండ్రంగా కూర్చుంటున్నారు. ఎడమ చెయ్యి ఎందుకో లాగుతోంది. పక్కగదిలో గోడకు చేరగిలబడి, పిల్లల కోసం మొదలుపెట్టిన గుడ్డచేపను కుట్టసాగింది.

"ఏంటత్తా, మొహం అలా వెలిగిపోతోంది?" అని పాటలు నేర్పే పంతులమ్మ తలుపులోంచి తొంగి చూసింది.

"ఇవాళ ఓ తండ్రీ కూతురూ మాట్లాడుకున్నారు."

"ఏమనుకున్నారేంటి?"

"బ అనుకున్నారు," అని పకపకా నవ్వింది కబుర్లత్త. పంతులమ్మ కూడా నవ్వుతూ హాల్లోకి వెళ్లింది.

పాటల మధ్యలో కత్తెర కోసం మళ్లీ వచ్చింది పంతులమ్మ. కబుర్లత్త తల గోడకు ఆనింది. కళ్లు సగం మూతపడ్డాయి. పిలిస్తే పలకలేదు, చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. పంతులమ్మ ఆమె పక్కనే కూలబడింది. అవతల తల్లిదండ్రుల పాట, దానికి అడ్డంపడే పిల్లల కేరింతలు. ఆపమని చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు.

కబుర్లత్త ఒళ్లో, సగం కుట్టిన పొట్టలోంచి దూది కనిపిస్తూ, ఎర్రటి గుడ్డచేప ఉంది. ఏ చిన్న వేలికీ గుచ్చుకోకుండా సూదిని దాని వీపులోకి లోపలికంటా దింపి, దారాన్ని తోక చుట్టూ చుట్టి పెట్టి ఉంది.