లాలి కుడికాలు

పొద్దున లేవగానే తండాలో అందరూ కాళ్ల మన్ను కడుక్కుంటే, లాలి మాత్రం మన్ను పూసుకునేది. చిప్పలో నానబెట్టిన ఎర్రమట్టిని కుడికాలికి, వేళ్ల నుంచి చీలమండ దాకా, గోరింటాకు పెట్టుకున్నంత జాగ్రత్తగా రాసేది. ఎడమకాలి జోలికి పోయేది కాదు. దానికి అసలు మన్నే ఉంది.

పర్ణశాల దారిలో, అడవి అంచునున్న ఆ మండలంలో మాటిస్తే మన్నంటుకుంటుంది. ఏ ఊరి నేల మీద నిలబడి మాటిస్తే ఆ ఊరి మన్ను. ఇటుక ముక్కతో రుద్దినా, గోదారిలో మునిగినా పోదు. చెప్పిన పని అయిన రోజు తనంతట తనే రాలిపోతుంది. రంజాన్ ముందు, దసరా ముందు దర్జీల కాళ్లు ఎర్రగా ఉంటాయి, పండగైతే మామూలవుతాయి. ఇందులో వింతేముందని ఎవరూ మాట్లాడుకోరు. "రేపు తప్పకుండ వస్త" అనేటప్పుడు మాత్రం కొందరు ముందే మంచమెక్కి కూర్చుంటారు.

ఎండాకాలం ఎన్నికల ప్రచారంలో లాలి రెండే మాటలిచ్చింది. వెదుళ్లగుంపులో చెడిపోయిన బోరింగు బాగుచేయిస్తానని ఒకటి. వాగవతలి గూడెం పిల్లలు బడికి పోవడానికి చిన్న వంతెన వేయిస్తానని ఇంకొకటి. ఒకటి కుడికాలికి, ఒకటి ఎడమకాలికి అంటుకున్నాయి. తర్వాత ఆమె పార్టీ ఓడిపోయింది. ఓడినంక మాటెక్కడిదని అందరూ ఇళ్లలో కూర్చున్నారు. ఓట్ల లెక్కింపు సంగతి మన్నుకు తెలియదు కదా, అది లాలి కాళ్లను వదల్లేదు.

వెదుళ్లగుంపు ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమె తవ్వి చిప్పతో నీళ్లు తోడుకోవడం చూసి చూసి, లాలి ఒకరోజు గెలిచిన పార్టీ నాయకుడు చందూలాల్ ఇంటికి పోయింది. రెండు పొద్దులు అరుగు మీద కూర్చుంది. మూడోరోజు మెకానిక్ వచ్చాడు, బోరింగు నీళ్లు పోసింది. ఆ సాయంత్రమే లాలి కుడికాలి మన్ను పొడిపొడిగా రాలిపోయింది.

అప్పుడు పట్టుకుంది భయం. ఎదుటి పార్టీ గడప తొక్కినోళ్లను తన పార్టీ ఉంచుకోదు. బయటికి నెట్టేస్తే వంతెన గురించి ఆమె ఎవరి తరఫున అడగాలి? అడిగితే ఎవరు వింటారు? వానలు దగ్గరపడుతున్నాయి. అందుకే ఆ మట్టి పూత.

ఓడిన నెలకు, ఆ ఓటమికి బాధ్యత తనదేనని పార్టీ మండల అధ్యక్షుడు బద్యా రాజీనామా చేశాడు. కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి ఖమ్మం నుంచి పార్టీ పెద్ద ఉషారాణి మేడం వచ్చింది.

పార్టీ ఆఫీసంటే అమీనా బీ కుట్టుషాపు మీద గది. మెట్లు షాపులోంచే. కింద తెల్లటి గుడ్డలు పరిచి ఉంటాయి కాబట్టి, కాళ్లు కడగనిదే ఆమె మంత్రినైనా ఎక్కనివ్వదు. ఓడినప్పటి నుంచి మీటింగుల్లేక లాలి ఆ సంగతే మరిచిపోయింది.

"కడుక్కునే వచ్చిన, బీ."

"కడిగిన కాలు గింత పొడిగుంటదా బేటీ? పెట్టు ఇటు."

చెంబెడు నీళ్లకే కుడికాలి ఎరుపు కారిపోయింది. అమీనా బీ చూసి, చెంబు పక్కన పెట్టింది. వెనకాలే వస్తున్న కోటేష్ కూడా చూశాడు.

కోటేష్ కాంట్రాక్టరు, అధ్యక్ష పదవి మీద కన్నేసినవాడు. తెల్లబట్టలు, అద్దంలాంటి పాదాలు. పైకి పోయి ఆ పాదాలను మేడం ముందు చాపాడు.

"చూడండి మేడం. ఒక్క మాట పెండింగ్ లేదు."

మేడం మెచ్చుకోలుగా తలూపి కాగితం మీద కోటేష్ పేరు రాసింది. మూలన బద్యా తన కాళ్లను ధోవతి కింద దాచుకున్నాడు.

"ఇంకో ముచ్చట మేడం," అన్నాడు కోటేష్. "ఈ లాలి కుడికాలు సంగతి అడగండి. ఓడి నెలాయె, ఏ ఆఫీసుల మనకు కుర్చీ ఎయ్యట్లే. ఈమె పని ఒక్కటెట్లయింది?"

అందరూ ఆ కాలి వంకే చూశారు. ఊరివాళ్లే బాగుచేసుకున్నారని అనొచ్చు. ఆ మాట లాలి నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చందూలాల్ ఇంటికి పోయిన మేడం," అంది.

"మన పార్టీ మనిషివై ఉండి?"

"అవ్. మన్ను పూసుకొని దాచిన, గది తప్పే. పోయింది మాత్రం తప్పు కాదు. నీళ్ల కోసం పోయిన. వాగు మీద వంతెన కోసం మళ్ల పోత."

"మరి పార్టీ పరువు?"

అప్పుడు బద్యా ధోవతి మోకాళ్ల దాకా ఎత్తి కాళ్లు చాపాడు. రెండూ ఎర్రగా, పొర మీద పొరగా, పుట్టమన్ను మెత్తినట్టు ఉన్నాయి.

"పరువు నేను కాపాడిన మేడం, ఇరవై ఏండ్లు. ఓడినప్పుడల్ల గెలిచినోని గడప తొక్కొద్దని ఇంట్ల కూసున్న. చూడు, ఏడిదాక వచ్చిందో." కోటేష్ వైపు తిరిగాడు. "నీ కాళ్లకేందిరా, మెరుస్తయ్. ఎన్నడన్న జీపు దిగినవా?"

"దిగిండు దిగిండు," అంది చాయ్ తెస్తున్న అమీనా బీ. "నా షాపు కాడ. ప్యాంటు కొలతలియ్యనీకి."

గదంతా నవ్వింది. మేడం నవ్వలేదు. లేచి నిలబడింది.

"కోటేష్ గారూ, కిందికి రండి. వాకిట్లో చెప్పుల్లేకుండా నిలబడి, వంతెన వేయిస్తానని ఒక్కమాట అనండి. మీ పేరే ఖాయం చేస్తా."

కోటేష్ మెట్ల దాకా వెళ్లాడు. వాకిలి వంక చూశాడు, తన పాదాల వంక చూశాడు.

"ఎస్టిమేట్లు చూసుకొని చెప్తా మేడం."

మేడం కాగితం మీద పేరు కొట్టేసింది. లాలి అనేవాళ్లు చేతులెత్తండి అంటే, అందరికన్నా ముందు లేచింది బద్యా చెయ్యే.

మర్నాడు పొద్దున లాలి చిప్పలో మిగిలిన మట్టిని చిక్కుడు పాదులో పోసింది. తలెత్తితే దడి పక్కన బద్యా, చేతికర్రతో.

"పా బిడ్డా. చందూలాల్ ఇంటికే గదా?"

"నువ్వెందుకు కాకా?"

"తీరని పాత మాటలు నావి గూడ ఉన్నయ్. అడిగే నోరు నీది. ఇద్దరం పోతే జల్దీ అయితది."

వానలు జోరందుకునే లోపు వాగులో తూములు దిగాయి. మీద వంతెన ఇంకా వేయాలి కాబట్టి లాలి ఎడమకాలు ఎర్రగానే ఉంది. బద్యాకు మాత్రం పాత మాటలు ఒక్కొక్కటే తీరి, పొరలు రాలి, దసరా నాడు, ఇరవై ఏండ్ల తర్వాత, ఎడమకాలి బొటనవేలి గోరు కనబడింది. తండా అంతా వచ్చి చూసిపోయింది.