కొసరు పెట్రోలు

నా కారుకు పదిహేనేళ్లు నిండటానికి ఇంకా వారం ఉందనగా, మా బామ్మర్ది ఉమాకాంత్ దాన్ని పాడె మీదకు ఎక్కించాడు.

ఉమాకాంత్ హజీరాలో ఒక పెద్ద కంపెనీలో ఇంజనీరు. ఆదివారం సూరత్ పర్వత్ పాటియాలోని మా ఇంటికి వచ్చి, కాఫీ కూడా తాగకుండా, కారు స్టీరింగు కింద, ఇంజిన్ జబ్బును ఫోనుకు చెప్పే ఒక చిన్న డబ్బీ గుచ్చాడు. తర్వాత తన ఫోనులోకి చూసి, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా తల అడ్డంగా ఊపాడు.

"మిక్చర్ రిచ్ అని సూపెడుతున్నది బావా. పెట్రోల్ ఎక్కువ తాగుతున్నది."

"పోనీ, మా ఇంట్ల ఒక్కటన్న రిచ్ ఉన్నది."

"నవ్వుతవేంది? ఇంజిన్ పోయింది. పొల్యూషన్ టెస్టుల పాస్ గాదు. గది పాస్ గాకుంటే ఆర్టీఓల రెన్యువల్ లేదు. పాత ఇనుపోనికి ఇచ్చెయ్." గొంతు మెత్తగా చేశాడు. "నేను కొత్త బండి బుక్ చేసిన. నా పాతది నువ్వు తీస్కో. ఇంటోనివి, నీకు సూసి ఇస్త."

ఇరవై ఏడేళ్లుగా చీరల వ్యాపారంలో ఉన్నాను. నా సరుకును ఎవరైనా తిడుతుంటే ముందు అతని సంచిలో ఏముందో చూస్తాను. ఉమాకాంత్ సంచిలో నాలుగేళ్ల కారు ఉంది. కాబట్టి అతను చెప్పింది రోగ నిర్ధారణ కాదు, బేరానికి మొదటి మాట. కాని ఆ మాట నా భార్య పద్మారాణికి పనికొచ్చింది.

"పెట్రోల్ పంపు కాడ బండి ఆగుడు, ఎన్కకెల్లి అందరు హారన్లు కొట్టుడు, నేను చెంగు మొహానికి అడ్డం పెట్టుకునుడు. ఎన్నిసార్లయింది? శుక్రవారం పొల్యూషన్ టెస్టుకు తీస్కపో. పాస్ గాకుంటే మా తమ్ముని బండి మన వాకిట్ల నిలవడతది. గంతే."

ఆ కారు మీద నాకు ప్రేమేమీ లేదు. నడిచే వస్తువును పారేయడం నాకు చేతకాదు, అంతే. పైగా బామ్మర్ది బండి కొన్నవాడు బండితోపాటు బామ్మర్దిని కూడా కొన్నట్టే. ప్రతి పెళ్లిలోనూ పదిమంది ముందు "నా బండి ఎట్ల నడుస్తున్నది బావా" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు పదేళ్లు నవ్వుతూ జవాబు చెప్పాలి.

కారు జబ్బు ఒకటే. పెట్రోలు పోయించాక స్టార్ట్ కాదు. పది నిమిషాలు మూలిగి, పెట్రోలు కంపు కొట్టి, ఒళ్లంతా ఊపుకుంటూ లేస్తుంది. మిగతా సమయంలో కాస్త వణుకుతుంది, అంతే. నేను మొదట పెట్రోలును అనుమానించాను. పంపు మార్చాను. ఇంకో పంపు మార్చాను. చివరికి ఊరవతల కామ్‌రేజ్ దాకా వెళ్లి పోయించాను. అక్కడా ఆగింది. దాంతో జిల్లా మొత్తం కలిసి నన్ను మోసం చేస్తోందని తేల్చుకున్నాను. తర్వాత ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. ఒకడు ప్లగ్గులు మార్చాడు, ఒకడు ట్యాంకులోని పంపు మార్చాడు. బాగున్నవన్నీ ఏరి ఏరి మార్చారు.

మంగళవారం ఇంకా రంగు వేయని గ్రే బట్ట చూడటానికి వడోద్‌లోని మగ్గాల షెడ్డుకు వెళ్లాను. దారిలో పెట్రోలు పోయించుకోవడం నా తెలివి. మూలుగుతూ ఎలాగో లేచిన కారు షెడ్డు గేటు ముందు పూర్తిగా ఆగిపోయింది. లోపలినుంచి బుచ్చిరాములు కాక బయటికొచ్చాడు. ఆయన మా సిరిసిల్ల మనిషే. ముప్పై ఏళ్లుగా సూరత్‌లో మగ్గాలు రిపేరు చేస్తున్నాడు. చేతిలో మగ్గం నుంచి విప్పిన బొటనవేలంత సోలెనాయిడ్ ఉంది.

"ఏంది నర్సింగం, బండి రొప్పుతున్నది? ఏం పెడుతున్నవు దానికి?"

"పెట్రోల్ పోపిస్తే గిట్లనే చేస్తది కాకా."

"పోపిచ్చినంకనేనా? ఉత్తప్పుడు మంచిగుంటదా?"

"ఉంటది."

"అయితే పెట్రోల్ తప్పు గాదు, పెట్రోల్ ఆవిరిది. బానెట్ తెరువు."

నాకు నవ్వొచ్చింది. "కాకా, నీకు కార్లు ఎప్పటి సంది ఎరుక?"

"కార్లు ఎరుక లేదు బిడ్డా. సోలెనాయిడ్లు ఎరుక. రోజుకు పది నా పానం తింటయి. మా అల్లుని బండిల గిసొంటిదే ఇప్పిన."

ఆయన చెప్పింది ఇదీ. ట్యాంకులో లేచే ఆవిరిని గాలిలోకి వదలకుండా ఒక బొగ్గు డబ్బాలో పట్టి ఉంచుతారు. ఇంజిన్ నడిచేటప్పుడు ఒక సోలెనాయిడ్ తెరుచుకుని ఆ ఆవిరిని కొంచెం కొంచెంగా ఇంజిన్‌కు పెడుతుంది. మగ్గంలో దారాన్ని ఆపేదీ ఇలాంటిదే. కరెంటు వస్తే తెరుచుకోవాలి, పోతే మూసుకోవాలి. అంతకు మించి దానికి చదువు లేదు.

ఎలాగో కారును లేపాం. కాక ఆ సోలెనాయిడ్ వైరు పీకి, ట్యాంకు వైపునుంచి వచ్చే గొట్టం కూడా ఊడదీశాడు. సోలెనాయిడ్ మూతి చూపించి "వేలు పెట్టు" అన్నాడు. పెట్టాను. చంటిపిల్ల నోట్లో వేలు పెట్టినట్టు పీల్చింది.

"కరెంటు పీకినంక గూడ పీలుస్తున్నదంటే నోరు మూస్తలేదన్నట్టు. ట్యాంకు నింపినప్పుడు ఆవిరి మస్తు లేస్తది. గదంత ఒక్కసారి మింగి, ఎక్కిళ్లొచ్చి సస్తున్నది నీ ఇంజిన్."

ఇంజిన్ ఆపించి, సోలెనాయిడ్ మూతిని రబ్బరు గుడ్డతో బిగించి మళ్లీ తాళం తిప్పమన్నాడు. కారు ఒక్క తిప్పుకే లేచింది. రెండు నెలలుగా ఇద్దరు మెకానిక్కులు, ఒక ఇంజనీరు, నేను కలిసి చేయలేని పని.

కాక దాన్ని విప్పి నోటితో ఊదాడు. ఊపిరి అటువైపునుంచి నా మొహానికి తగిలింది, జర్దా వాసనతో సహా. అరచేతిలో కొడితే నల్లటి రవ్వ రాలింది.

"బొగ్గు. డబ్బా గూడ పోయింది." నన్ను ఎగాదిగా చూశాడు. "ట్యాంకు ఎట్ల నింపిస్తవు నువ్వు?"

గర్వంగానే చెప్పాను, పదేళ్లుగా ఇదే నా పద్ధతి. పంపు టక్కున ఆగాక నేను ఆగను. కారును అటూ ఇటూ ఊపుతాను. మళ్లీ పోయిస్తాను. గొంతుదాకా వచ్చాక పైపును పైకెత్తించి అందులో మిగిలింది కూడా వంపించుకుంటాను. బట్ట తాను కొంటే జానెడు కొసరు లాగుతాం. పెట్రోలుకు మాత్రం కొసరు ఎందుకు వదలాలి?

కాక షెడ్డులోకి తిరిగి, మగ్గాల మోతకు మించి అరిచాడు. "అరే, ఇనుండ్రి! మన నర్సింగం పెట్రోల్ పంపుల కొసరు అడుగుతడట!" ఎనిమిది మగ్గాల దగ్గర ఎనిమిది మంది నవ్వారు. తెలుగు రాని ఒడియా మనిషి కూడా నవ్వాడు.

"ఆవిరి పొయ్యే తొవ్వల పెట్రోల్ పోస్తివి. బొగ్గు నాని రవ్వ రవ్వ అయింది. గా రవ్వ పోయి దీని నోట్ల ఇరికింది. పదేండ్ల సంది తిన్న కొసరు ఇయ్యాల కక్కుతున్నవు."

పదేళ్లలో పైపునుంచి నాకు దక్కింది ఎన్ని చెంచాలో, అందుకు పోయింది ఎంతో నేను లెక్క వేయలేదు. కొన్ని లెక్కలు వేయకుండా ఉండటం కూడా వ్యాపారమే.

మర్నాడు స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాం. దుకాణదారు రెండు సోలెనాయిడ్లు ముందు పెట్టాడు. ఒకటి అసలుది, ఇంకోటి "సేమ్ టు సేమ్". అసలు చీర పక్కన నకలు చీర పెట్టి అమ్మేవాణ్ని నేనే కదా, ఆ మాటకు అర్థం నాకు తెలుసు. అయినా చెయ్యి నకలు వైపే పోయింది. కాక ఆ చేతిమీద ఒకటి వేసి, నకలుదాన్ని నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి దర్జాగా అవతలికి పోయింది. అసలుదాన్ని ఊదితే బుగ్గలు ఉబ్బాయి గాని గాలి కదల్లేదు.

"చాచా, యే క్యా బాజా హై?" అని, ఇదేమైనా సన్నాయా అన్నట్టు దుకాణదారు కసురుకున్నాడు.

"ఏక్ బజ్‌తా హై, ఏక్ నహీ బజ్‌తా. నహీ బజ్‌నేవాలా దో" అన్నాడు కాక, మోగనిదే ఇమ్మని.

పాత కార్లు విప్పేవాళ్ల దగ్గర బొగ్గు డబ్బా దొరికింది. గురువారం షెడ్డులో కంప్రెసర్‌తో గొట్టాలు ఊది శుభ్రం చేసి, రెండూ బిగించాం.

శుక్రవారం పొల్యూషన్ సెంటర్‌కు పద్మారాణి నాతోనే వచ్చింది. ఉమాకాంత్ అప్పటికే సెలవు పెట్టుకుని అక్కడ ఉన్నాడు. తన కారును కడిగించి, ముందు అద్దానికి బంతిపూల దండ కూడా వేసుకొచ్చాడు, పిల్లను చూపించడానికి తెచ్చినట్టు. దాన్ని సరిగ్గా గేటుకు అడ్డంగా పెట్టాడు.

సెంటర్ మనిషి నా కారు పొగగొట్టంలో గొట్టం దూర్చాడు. తెర మీద అంకెలు ఎగిరాయి. పెరిగాయి. ఉమాకాంత్ తన కారు దండ సర్దాడు. అంకెలు మెల్లగా దిగి, దిగి, ఒకచోట నిలబడ్డాయి.

"పాస్" అన్నాడు సెంటర్ మనిషి, నంబరు ప్లేటు ఫోటో తీస్తూ.

"మెషీన్ ఖరాబైనట్టున్నది" అన్నాడు ఉమాకాంత్. సెంటర్ మనిషికి తెలుగు రాకపోయినా ఖరాబ్ అన్న మాట అందింది. "సాహెబ్, ఆప్‌కీ గాడీ మే భీ లగా దూ క్యా?" అని, మీ బండికీ పెట్టనా అన్నట్టు గొట్టం చూపించాడు.

"నహీ నహీ" అన్నాడు ఉమాకాంత్, కొంచెం తొందరగా.

సర్టిఫికెట్ చేతికి తీసుకుని నేను పద్మారాణి వైపు తిరిగాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఒక్క మంచి మాటకు అర్హత సంపాదించానని అనుకున్నాను.

"ఏంది అట్ల సూస్తవు?" అంది. "ఖరాబ్ చేసినోడివి నువ్వు. బాగ చేసినోడు బుచ్చిరాములు కాక. నీకెందుకు శాలువ?"

ఏ బేరంలోనూ నాకింత నికరమైన జవాబు రాలేదు. ఆమె ముందు సీట్లో కూర్చుని, చెంగు మొహానికి బదులు నడుముకు చుట్టుకుంది.

"అక్కా, మరి నా బండి?" అన్నాడు ఉమాకాంత్.

"నీ బండి గేటుకు అడ్డమున్నది తమ్మీ. జర తియ్. ఆర్టీఓ బంద్ అయితది."