నాలుగో క్యూబ్

కాంక్రీటు నానబెట్టే తొట్టిలో చెయ్యి పెట్టి నీళ్లు చూశాక గానీ దేవయ్య టీ తాగడు. నీటి వేడి చెప్పే మీటరు గోడకే ఉంది. అయినా మోచేతిదాకా ముంచాల్సిందే. గల్ఫ్‌లో, అజైబాలోని ఆ కాలేజీ కాంక్రీట్ ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా ఇదే వరస. అంతకుముందు తొమ్మిదేళ్లు సైట్ల మీద మేస్త్రీ. వేళ్ల సందుల్లో సిమెంటు తిన్న మచ్చలు, పెళుసుబారిన గోళ్లు, కాస్త వంగిన నడుము. కాగితాల్లో మాత్రం అటెండరు. ఏం చేస్తాం, కాగితాలు రాసేవాళ్లు ల్యాబ్‌లోకి వస్తే కదా.

ఇవాళ అతని ఆఖరి డ్యూటీ. వచ్చే ఏడాది నుంచి ప్రయోగాలన్నీ కంప్యూటర్ తెర మీదేనట, వీసా పొడిగించలేదు. సాయంత్రమే ఫ్లైటు. అతని మనసు మాత్రం జువేరియా పోసిన కాంక్రీటు క్యూబుల మీదే ఉంది.

జువేరియా ఆఖరి ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థిని. ఖబూరా ఊళ్లో వాళ్ల నాన్నకు ఖర్జూర తోట ఉంది. ఎండిన మట్టలు కాల్చి, ఆ బూడిదను కొంత సిమెంటుకు బదులుగా కలిపి కాంక్రీటు పోసింది. ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నానిన క్యూబుల్ని ఈ ఉదయం మెషీన్‌లో పెట్టి పగలగొట్టాలి. మూడింటి సగటు బలం ముప్పై దాటాలి. కంప్యూటరేమో ముందే లెక్కగట్టి ఇరవై ఆరని తేల్చేసింది. దాటకపోతే ఆమె ప్రాజెక్టు అక్కడితో సరి.

మొదటిది ముప్పై ఒకటి. రెండోది ముప్పై. మూడోదాన్ని పైకి తీస్తుంటే జువేరియా తడిచేతుల్లోంచి జారి నేలమీద పడింది. మూల విరిగిపోయింది. విరిగినదాన్ని పరీక్షకు పెట్టరు. ఆ పిల్ల అక్కడే కూలబడింది.

“చాచా, ఖలాస్.”

“ఖలాస్ ఏం లేదు బేటీ. సబర్.” కాస్త ఓపిక పట్టమన్నాడు. వాళ్లిద్దరికీ కుదిరింది సైట్ల హిందీయే.

దేవయ్య తొట్టి మూలకు వంగి, అడుగు నుంచి మరో క్యూబును రెండు చేతులా ఎత్తాడు. ఆ రోజు అతను ఆ పిల్లచేతే పోయించింది, కంగారులో ఆమెకు గుర్తే రాలేదు. దాని మీద అతను మేకుతో గీసిన తెలుగు నాలుగు అంకె ఉంది.

ల్యాబ్ చూసే జయలక్ష్మి మేడం కాకినాడ మనిషి. నవ్వేసింది. “మూడే కదండీ పోయమన్నది? సిమెంటు దండగని స్టోరు వాళ్లు మీతో ఎన్నిసార్లు గొడవపడ్డారో.”

“మూడు పుస్తకానికి మేడం. నాలుగోది మనకు. సైట్ల ఎప్పుడు గట్లనే పోసేటోళ్లం.”

మెషీన్ మూలిగింది. అంకెలు పెరుగుతున్నాయి. ఇరవై ఆరు దగ్గర జువేరియా కళ్లు మూసుకుంది. దేవయ్య రెప్ప కూడా వేయలేదు. ముప్పై మూడు దగ్గర క్యూబు నాలుగు పక్కలా సమానంగా పగిలింది. లోపల ఎక్కడా బోలు లేదు, బాగా కూరిన కాంక్రీటు. కూరింది ఆ పిల్ల చేతులే, అతను పక్కన నిలబడి కడ్డీ పోట్లు లెక్కపెట్టాడంతే. దేవయ్యకు గర్వంతో ఛాతీ నిండిపోయింది. దాచుకోలేదు, ఎందుకు దాచుకోవాలి?

బూడిద వాటా పెంచి రెండో విడత పోయమని మేడం చెప్పింది. మధ్యాహ్నం జువేరియా ఒక్కతే కలిపింది. దేవయ్య స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చేతులు దురదపెట్టాయి, అయినా లేవలేదు. ఆమె పొర పొరకూ ఇనుప కడ్డీతో కూరుతూ పెదవులతో లెక్కపెట్టుకుంటోంది. మూడు అచ్చులూ నిండాయి. నాలుగోదాని మాట అతను ఎత్తలేదు. నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాడు.

జువేరియా మోచేత్తో నుదురు తుడుచుకుని అల్మరా దగ్గరికి వెళ్లింది. ఇంకో అచ్చు తెచ్చి, లోపల నూనె రాసి, మూడింటి పక్కన పెట్టింది.

దేవయ్య లేచి చొక్కా దులుపుకున్నాడు.

“ఇగ నేనొస్త మేడం.”

“పిల్లతో ఒక్క మాట చెప్పి వెళ్లండి.”

“కూరుతున్నది గద. లెక్క తప్పుతది.”

జువేరియా తలెత్తేసరికి స్టూలు ఖాళీగా ఉంది. సాయంత్రానికి తడి గోనెపట్ట కింద నాలుగు అచ్చులు, చివరిదాని పచ్చి కాంక్రీటు మీద మేకుతో ఆమె కాస్త వంకరగా గీసిన తెలుగు నాలుగు.