ఇరవైనాలుగో కవరు

భర్త డబ్బాలో కూర సర్ది మూత బిగించాక గిన్నె అడుగున మిగిలింది చూస్తే, దాని కోసం రెండో డబ్బా తోముకోవడం దండగనిపించింది ఆమెకి.

పెళ్ళయిన పదకొండేళ్ళకి పీజీలో చేరిన మనిషి. ఎడ్యుకేషన్ లోను ఆరునెలలకోసారి వచ్చి పడుతుంది. ఫీజు పోగా తిండికీ, బస్సుకీ, పుస్తకాలకీ ఇచ్చిన దాన్ని ఇరవైనాలుగు కవర్లలో పెట్టి, ఒక్కోదాని మీద వారం అంకె వేసి, బిస్కెట్ల డబ్బాలో నిలబెట్టేది. సోమవారం ఒకటి చింపాలి. ముందే చింపితే వేళ్ళూడిపోతాయన్నంత నిష్ఠ.

ఆ నిష్ఠ ఆమెకొక్కదానికే. తొమ్మిదో వారాన్ని స్కూటరు వెనక టైరు మింగింది. పదకొండూ పన్నెండూ అత్తగారి కట్టుడుపళ్ళలో ఇరుక్కున్నాయి. పదమూడు నుంచి పదిహేడు దాకా ఏకంగా గోడెక్కి టీవీ అయి కూర్చున్నాయి. ఆ పళ్ళతోనే అత్తగారు, చదువుకునేదానికి ఖర్చేముంటుంది, ఇంట్లోనే తింటున్నావుగా అనేవారు. భర్త మాత్రం మర్యాదస్థుడు. తీసిన ప్రతి కవర్లోనూ "తీసుకున్నాను. సర్దుతాను" అని ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ పెట్టి మళ్ళీ అతికించేవాడు. బస్సు కండక్టరు ఒప్పుకుంటే ఆ చీటీల మీద ఆమె భూమి చుట్టి వచ్చేది. ఒప్పుకోడు గనక నడిచేది. స్నేహితురాళ్ళు క్యాంటీనుకి పిలిస్తే కడుపులో బాగోలేదనేది. ఇన్ని నెలలు బాగోని కడుపు ఏ వైద్యుడికీ తగిలి ఉండదు.

ఒకసారి అడిగింది. అతను పేపరు దించకుండానే, మన డబ్బే కదా, వేరుగా చూస్తావేం అన్నాడు. మరి తీర్చేదెవరంది.

"అదేంటే, లోను నీ పేరునేగా ఉంది," అని నవ్వాడు.

ఆ నవ్వులో కుళ్ళు లేదు. అదే ఆమెని కుంగదీసింది. టైరు లేకపోతే అతను ఆఫీసుకెలా వెళ్తాడు? పళ్ళు లేకపోతే ఆవిడెలా నములుతుంది? ఏదీ కాదనగల ఖర్చు కాదు. కాదనగలిగింది తన తిండి ఒక్కటేనని అందరికీ తోచింది, చివరికి తనకీ తోచింది.

ఇవాళ ఆఖరి సోమవారం. ప్రాజెక్టు రిపోర్టు ప్రింటుకీ బైండింగుకీ దాచిన కవరు అది. రేపు సాయంత్రంలోగా రిపోర్టు ఇవ్వకపోతే టర్ము పోతుంది, లోనూ ఆగుతుంది. అందుకే దాన్ని ఉతకాల్సిన దుప్పట్ల మూటలో దాచింది. ఆ మూట మీద పదకొండేళ్ళలో ఇంకొకరి చెయ్యి పడలేదు మరి.

కవరు చింపింది. చీటీ.

"అర్జెంటు. సర్దుతాను. దొంగా, భలే దాచావే."

చాలాసేపు ఆ మూట మీదే కూర్చుంది. ఏడుపు రాలేదు. అప్పటికి భర్త అత్తగారిని పళ్ళ డాక్టరు దగ్గర దింపి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. లేచి, స్టూలెక్కి, గోడమీంచి అయిదు వారాలనీ దింపింది. పాత సామాన్ల కొట్టువాడు సగం ధర కూడా ఇవ్వలేదు. ప్రింటుకీ బైండింగుకీ సరిపోయింది. బయల్దేరేముందే గోడమీది ఖాళీ మేకుకి చీటీ గుచ్చి వచ్చింది: "తీసుకున్నాను. సర్దుతాను."

రిపోర్టు బైండింగుకిచ్చి, మధ్యాహ్నం లోను ఆఫీసులో వచ్చే టర్ము ఫారం నింపింది. నివాసం అన్నచోట ఎప్పుడూ 'కుటుంబంతో' అని టిక్కు పెట్టేది. ఇవాళ 'హాస్టల్లో, ఒంటరిగా' అన్న గడిలో పెట్టింది. కౌంటరావిడ కళ్ళజోడు సర్దుకుంది.

"గది అద్దె, భోజనం డబ్బు నేరుగా హాస్టలుకే పోతాయమ్మా. నీ చేతికి రావు."

"అదే కావాలండి."

"ఒంటరిగా ఎప్పట్నించని రాయను?"

ఆమె పెన్నుకి మూత పెట్టింది.

"కాగితం మీదైతే, ఇవాళ్టి నుంచి."