తడి తాడు తూకం

తడిసిన తాడుని తూచి అమ్మేవాడు ఒక్కసారే లాభపడతాడు. ఆరాక అది తేలిపోతే, కొన్నవాడు మళ్ళీ మన గడప తొక్కడు. నేను తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే మనిషిని. ఇన్నేళ్ళలో తక్కెడలో వేలు పెట్టింది లేదు. తూకాల సంగతి నాకు తెలుసనే అనుకునేవాణ్ణి, మా తమ్ముడి కూతురి కాలు తూచే రోజు వచ్చేదాకా.

దాన్ని అందరం బుడుంగు అంటాం. పసితనంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ కుడికాలి సత్తువ పట్టుకుపోయింది. మోకాలి కింద కాలు ఉందన్న మాటే గానీ పని చెయ్యదు, స్పర్శ కూడా అంతంత మాత్రం. నీళ్ళలో ఆడించమని డాక్టరు చెబితే, నడుముకి మా కొట్టు నైలాన్ తాడు కట్టి ఈతకొలనులోకి దింపింది నేనే. బుడుంగున మునిగింది. నేను తాడు లాగేలోపు తనే తేలి, "వదులు పెదనాన్నా" అంది. వదిలాను.

ఆ వదలడం వదలడం, దివ్యాంగులు పోటీపడే పారా ఈతలో దాన్ని మించినవాళ్ళు లేరనేదాకా వెళ్ళింది. పారా ఈతలో ఒంటి సత్తువని బట్టి తరగతులు కడతారు. సన్నతాడు పక్కన మోకుతాడు పెట్టి బలం చూడం కదా, అలాగే. దాని తరగతిలో బంగారం దానిదే. రెండో స్థానం మాత్రం ఎప్పుడూ ఒక పొట్టి జుట్టు పిల్లది.

భుజం నొప్పి పట్టుకున్న ఏడాది, ఊరికే కూర్చోలేక సైకిలెక్కింది. కుడిపాదం పెడలు మీద నిలవదు గనక టార్పాలిన్ పట్టీ కుట్టి బిగించాను. ఎడమకాలు తొక్కుతుంటే కుడికాలు కూడా తిరిగేది, బండికి కట్టిన ఖాళీ డబ్బాలాగా. భుజం నయమయ్యాక కూడా సైకిలు మానలేదు. అందులోనూ పోటీలకి వెళ్ళింది. వెండి వచ్చింది, కంచు వచ్చింది, బంగారం మాత్రం రాలేదు.

నడిచే కొట్టుండగా నడవని కొట్టు తెరవడం నాకు మింగుడు పడలేదు.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టకే" అన్నాను.

"నాకు నిలబడేది ఒక కాలే కదా పెదనాన్నా. రెండో పడవని చేత్తో పట్టుకుంటాలే."

దానితో బేరం కుదరదు.

ఈ ఏడాది పెద్ద పోటీల ముందు దాని తరగతిని మళ్ళీ పరీక్షిస్తామన్నారు. పాత తరగతిలోనే ఉంచితే బంగారం మళ్ళీ దానిదే. సత్తువ పెరిగిందని పైతరగతికి ఎక్కిస్తే అక్కడి పిల్లలు చేపలు, వాళ్ళ మధ్య దీనికి పతకం ఆశే ఉండదు. ఈత మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "ఈ రెండు నెలలూ సైకిల్ మానెయ్యమని మీరైనా చెప్పండి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేను చెప్పాను, అది వినలేదు.

పరీక్షకి తోడుగా ఒకరిని రానిస్తారు. నేను వెళ్ళాను. దారిలో నా వ్యాపార బుద్ధి ఊరుకోక, "కొనేవాడికి సరుకు మంచి వైపు చూపిస్తాం. ఇవాళ మాత్రం అరిగిన వైపు చూపించు. మరీ గట్టిగా తొయ్యకు" అన్నాను.

అది నా వైపు తిరిగి చూసింది. "తక్కెడలో వేలు పెట్టమంటున్నావా?"

మిగతా దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇరుకు గది. ఎత్తు బల్ల, రెండు కుర్చీలు, కోణాలు కొలిచే ప్లాస్టిక్ బద్ద. పరీక్షించే ఆవిడ బుడుంగుని బల్ల మీద పడుకోబెట్టి, కుడిపాదానికి అరచెయ్యి ఆనించి, "తొయ్యమ్మా" అంది.

ఈ ఆట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు దాన్ని గోనెల మీద కూర్చోబెట్టి నేనూ అలాగే అరచెయ్యి పెట్టి తొయ్యమనేవాణ్ణి. తోసేది. మొహం కందగడ్డయ్యేది. నా చెయ్యి ఉన్నచోటే ఉండేది. ఎప్పుడు మానేశామో గుర్తు లేదు.

ఆవిడ చెయ్యి వెనక్కి జరిగింది. గోరంత.

మళ్ళీ తొయ్యమంది. మళ్ళీ జరిగింది.

నా గుండె మీద ఎవరో ఒక బస్తా సంతోషం దించి, దాని మీదే ఒక బస్తా భయం దించారు. ఏ బస్తా బరువో తెలియలేదు. తర్వాత కొలనులో ఈదించి చూశారు. సాయంత్రానికి మాట తేల్చారు. పైతరగతి.

మాస్టారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"పోయిన నెలే సైకిల్ వాళ్ళు ఇదే కాలు చూసి పాత తరగతిలోనే ఉంచారు కదా మాస్టారూ. ఒకే సరుక్కి రెండు తూకాలా?"

"ఏ ఆటకి కావలసిన సత్తువని ఆ ఆట వాళ్ళే లెక్కేస్తారండీ. అక్కడ పనికిరాని కదలిక ఇక్కడ పనికొస్తుంది. ఆ పెడలు తిప్పీ తిప్పీ ఇదంతా వచ్చింది."

అంటే నడవని కొట్టు నడిచే కొట్టుని మింగిందన్నమాట. లేక కాలే బాగుపడిందా? తాడు పొడిదో తడిదో వేలితో నొక్కి చెబుతాను. ఇక్కడ ఎక్కడ నొక్కాలి?

మాస్టారు నా పక్కన కూర్చున్నాడు. "కండరం పట్టేసి కాలు తనంతట తనే ఎగిరి ఉంటుంది. అది లెక్కలోకి రాదు. మళ్ళీ చూడమని అడగొచ్చు. మీరు గదిలో ఉన్నారు కదా, ఏమనిపించింది?"

బుడుంగు చేతికర్రని గోడకి ఆనించింది. "పెదనాన్న ఏమంటే అదే. నాకు ప్రతిసారీ తోసినట్టే ఉంటుంది. కదిలిందో లేదో నాకేం తెలుస్తుంది?"

పట్టేసిందేమో అంటే చాలు. ఎవరికి నష్టం అనుకున్నాను. అంతలో పొట్టి జుట్టు పిల్ల గుర్తొచ్చింది. ఏటా వెండి మెడలో వేసుకుని మా దాని పక్కన నిలబడి నవ్వే పిల్ల. ఆ పిల్లకీ ఓ పెదనాన్న ఉండే ఉంటాడు.

"తోసిందండీ. రెండుసార్లూ తోసింది" అన్నాను.

మాస్టారు లేచి వెళ్ళిపోయాడు. న్యాయం కోసం అన్నానో, సంతోషం పట్టలేక నోరు జారానో ఇప్పటికీ తేలలేదు.

పోటీనాడు పై మెట్ల మీద కూర్చుని ఎప్పటిలాగే మధ్య వరస మీద చూపు నిలిపాను. మేటివాళ్ళని మధ్యలో ఈదిస్తారు. నీలం టోపీ దూసుకుపోతుంటే లేచి నిలబడి, "లాగు, లాగు" అని గొంతు చించుకున్నాను. ఆ టోపీయే ముందుగా గోడ తాకింది. పైతరగతిలోనూ బంగారం మాదే అనుకుని చప్పట్లు కొట్టాను. టోపీ తీశాక చూస్తే ఎవరో నాకు తెలియని పిల్ల.

మా బుడుంగు గోడ పక్క వరసలో, అప్పుడే చివరి బారలు వేస్తోంది. ఏడో స్థానం.

తల తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. "పరాయి పిల్ల కోసం బాగా అరిచావట. మాస్టారు చెప్పాడు."

"అలవాటు కొద్దీ మధ్యలో చూశాను."

"ఇకనుంచి అంచున చూడు. అక్కణ్ణించి లోపలికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో."

"సైకిల్?"

"అదీ ఉంటుంది."

"మానేస్తే మళ్ళీ కిందికి దింపుతారేమో" అన్నాను. అన్నాక నా మాట నాకే ఏదోలా ఉంది.

అది కుడికాలుని రెండు చేతులతో ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. పాదం తడిగా, చల్లగా ఉంది. "ఆవిడకి చూపించాను గానీ నువ్వు చూడలేదు కదా. చెయ్యి పెట్టు."

అరచెయ్యి ఆనించాను. తోసింది. మొహం కందగడ్డయింది. నా చెయ్యి వెనక్కి జరిగింది.

"కదిలిందా?"

కదిలింది. కానీ పాదమే తోసిందో, నా చెయ్యే దానికి దారిచ్చిందో తెలియలేదు. ఈసారి చెయ్యి దారివ్వకుండా ముంజెయ్యిని నా మోకాలికి గట్టిగా ఆనించి పట్టుకున్నాను.

"మళ్ళీ తొయ్యి" అన్నాను.