తోడికోడలి నీడ

ఆ ఇంట్లో పొద్దున్నే బాత్రూము కోసం ఇద్దరు కోడళ్ళకీ పోటీ. గెలిచేది ఎప్పుడూ చిన్నకోడలే. పెద్దకోడలు భుజాన తువ్వాలు వేసుకుని, తలుపు మీద వేళ్ళతో దరువేస్తూ బయట నిలబడేది. చిన్నది బిజినెస్ స్కూలుకి ఆలస్యమైతే క్లాసులోకి రానివ్వరట. తనలా అప్పులిచ్చే కంపెనీలో ఫైళ్ళు చూసేవాళ్ళు ఆలస్యమైతే ఫర్వాలేదు కాబోలు!

చిన్నకోడలి నీడ ఒకరోజు ముందు నడుస్తుంది. ఆమె రేపు చేయబోయేది నీడ ఇవాళే చేసేస్తుంది. నీడ చేతిలో గొడుగు కనిపిస్తే అత్తగారు మర్నాడు బట్టలు నానబెట్టదు. నీడ తుమ్మితే మామగారు జలుబు మాత్రలు తెచ్చిపెడతారు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

పెద్దకోడలికి మాత్రం ఒళ్ళు మండేది. మనిషి ముందుకెళ్ళింది సరే, నీడ కూడానా? తన నీడ పదకొండేళ్ళుగా ఆఫీసు బల్ల కింద ముడుచుకుని పడుంది. బిజినెస్ స్కూలు దరఖాస్తు ఆమె కూడా రెండుసార్లు నింపింది. రెండుసార్లూ ‘పాప కాస్త ఎదగనీ’ అని అందరూ అంటే బీరువాలో పెట్టేసింది.

చిన్నకోడలి చదువు అయిపోవచ్చింది. విదేశీ కంపెనీల్లో పెట్టుబడులు పెట్టే సంస్థ ఒకటి ఆఖరి ఇంటర్వ్యూకి పిలిచింది. సరిహద్దు అవతలున్న గాజుసీసాల ఫ్యాక్టరీలో వాటా కొనొచ్చా లేదా అని నివేదిక రాసి తీసుకెళ్ళాలి.

"అక్కా, ఒక్కసారి చూడవా? అచ్చుతప్పులేమైనా ఉంటే చెప్పు, చాలు."

అచ్చుతప్పులట! పెద్దకోడలు మూడో పేజీలోనే ఆగింది. ఆ ఫ్యాక్టరీవాళ్ళు లెక్కల ఏడాది ముగింపుని డిసెంబరు నుంచి మార్చికి జరిపారు. అందుకని ఆ ఒక్క ఏడాదిలో పదిహేను నెలలున్నాయి. చిన్నది పన్నెండనుకుని, అమ్మకాలు పావువంతు పెరిగాయని సంబరపడి రాసేసింది.

"బాగుంది," అని పెద్దకోడలు తిరిగిచ్చేసింది. వారం రోజులు హాయిగా నిద్రపట్టింది.

ఇంటర్వ్యూకి ముందురోజు పెద్దకోడలికి సెలవు. మధ్యాహ్నం, చిన్నకోడలు ఇంట్లో లేకపోయినా, ఆమె నీడ చంకలో ఫైలుతో గోడవెంట బయల్దేరింది. రేపు చిన్నది ఓడిపోయే ముచ్చట ఇవాళే చూద్దామని పెద్దకోడలు చేతులు తుడుచుకుని మరీ వెనకే వెళ్ళింది. వీధి తలుపు దగ్గర నీడ ఆగింది. దాని పక్కన ఇంకో నీడ. ఎడమకి జారిన జడముడి, పొట్టి పట్టీల సంచీ. రెండూ చేతులు పట్టుకుని మెట్లు దిగాయి.

పెద్దకోడలు ఎర్రటి ఎండలో తన కాళ్ళకేసి చూసుకుంది. ఉత్త గచ్చు, తన నీడ లేదు.

సాయంత్రం చిన్నది ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే పెద్దకోడలు అనేసింది. "అది పదిహేను నెలల లెక్క తల్లీ. అడుగున చిన్న అక్షరాల్లో రాసుంది."

చిన్నది ఫైలు తిరగేసింది. మొహం పాలిపోయింది. "వారం కిందటే చూశావుగా! చెప్పలేదేం?"

"కుళ్ళు. ఇంకేముంటుంది?"

చిన్నది గడప మీదే కూలబడింది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, "ఇంకేం పట్టుకున్నావు?" అంది.

"సీసాల తయారీ పెరిగిందంటున్నారు వాళ్ళు, కొలిమిలో కాల్చిన ఇంధనం మాత్రం నెలకి మునుపటంతే. మరి సీసాలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

"రేపు నాతో రా. వాళ్ళు తిప్పి తిప్పి అడిగితే నావల్ల కాదు."

ఉద్యోగం చిన్నకోడలికే వచ్చింది. కానీ ఇంధనం సంగతి పట్టుకున్నదెవరో చిన్నదాన్ని అడిగి తెలుసుకుని, ఇంటర్వ్యూ చేసిన పెద్దమనిషి బయటికొచ్చి, బెంచీ మీదున్న పెద్దకోడలితో గంటసేపు ఇంధనం బిల్లుల గురించే మాట్లాడాడు. లేస్తూ, "మీరు బిజినెస్ స్కూల్లో ఎందుకు చేరలేదండీ?" అన్నాడు.

మూడు రోజులైనా పెద్దకోడలి నీడ ఇంటికి రాలేదు.

"నీ నీడ బిజినెస్ స్కూలు గేటు దగ్గర కనిపించిందమ్మాయ్," అన్నారు నడక నుంచి వచ్చిన మామగారు. "మెళ్ళో కొత్త గుర్తింపు కార్డు కూడా ఉంది."

"కొత్త బ్యాచి మొదలయ్యేది నాలుగు నెలల తర్వాత కదా!" అంది చిన్నకోడలు. "నాది ఒక్కరోజే ముందు పోతుంది. నీదేంటక్కా, ఏకంగా నాలుగు నెలలా?"

ఆ గొంతులో కుళ్ళు పెద్దకోడలికి బాగా తెలిసిందే. బీరువాలోంచి దరఖాస్తు తీసి బల్ల మీద పరిచి, "పెన్నిలా ఇవ్వు," అంది.

చిన్నది ఇచ్చింది. కాకపోతే, కాస్త ఆలస్యంగా.