ఇంటిపేరు

తడివేలితో ఇస్త్రీపెట్టె వేడి చూసుకుని గిలెన్ చొక్కా కాలరు మీదికి వంగింది. ఫ్రాన్సులో, బ్రిటనీ ప్రాంతంలోని ఈ హాస్టలు బడిలో పిల్లల బట్టలన్నీ ఏళ్ళ తరబడి ఆమె చేతులమీదుగానే తిరిగాయి. ఎడమ భుజం కిందికి జారిపోయింది. సూదిపోట్లకు వేళ్ళ చివర్లు కాయలు కాశాయి. ఇప్పుడు వేసవి సెలవులు. హాస్టల్లో పెరిగే ఓ పిల్లాడి కథని సినిమా తీస్తామంటూ పారిస్ నుంచి వచ్చినవాళ్ళు గదినిండా దీపాలు దించారు. ఆమెకీ ఓ చిన్న వేషం ఇచ్చారు. పిల్లాడికి చొక్కా అందిస్తూ, "జలుబు చేస్తుంది, వేసుకో గాస్పార్" అనాలి. అంతే.

పొద్దుటినుంచీ అదే కుదరడం లేదు.

"జలుబు చేస్తుంది, వేసుకోండి దుప్రా," అంది మళ్ళీ.

"మళ్ళీ ఇంటిపేరేనా మదామ్?" డైరెక్టరు రెనో తల పట్టుకున్నాడు. "వాడు పిల్లాడండీ, మంత్రిగారు కాదు."

గాస్పార్ వేషం కట్టిన కుర్రాడు ఇకిలించాడు. "నన్నింతవరకూ ఎవరూ మీరు అన్లేదు. బానే ఉంది, ఉంచెయ్యండి సార్."

అందరూ నవ్వారు. నవ్వడానికేం, ఈ బడి రూలు వాళ్ళకేం తెలుసు? పనివాళ్ళు పిల్లల్ని ఇంటిపేరుతోనే పిలవాలి, మీరు అనాలి. పాడు రూలు. గిలెన్ కొడుకు యాన్ కూడా ఇక్కడే చదివాడు. సెలవుల్లో ఇంటికొస్తేనే వాడు యాన్. ఇక్కడ మాత్రం, "కెర్వెల్లా, బొత్తాం ఊడింది, చూసుకోండి" అనేది కన్నతల్లి. "అలాగేనండీ మదామ్" అనేవాడు వాడు. ఓ చలికాలం వాడికి నెమ్ము చేసింది. బడిలోనే, ప్రిన్సిపాలు మంచం పక్కన నిలబడి ఉండగా, "మందు తాగండి కెర్వెల్లా" అంది. తాగాడు. తెల్లారేసరికి లేడు. కొడుకుతో ఆఖరి మాట అలా పరాయిదానిలా అన్నందుకు ఆమె తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"ఇంకొక్కసారి మదామ్," అన్నాడు రెనో.

కాళ్ళు లాగుతున్నాయి. కుర్రాడు సన్నటి మెడతో, బనీను మీద ఎదురుగా నిలబడ్డాడు. గిలెన్ చొక్కా చాచింది.

"జలుబు చేస్తుంది నాన్నా. వేసుకో యాన్."

కుర్రాడు నవ్వలేదు. చొక్కా వేసుకున్నాడు.

"పేరు తప్పు మదామ్," అన్నాడు రెనో నెమ్మదిగా.

"పేరు అదే బాబూ," అంది గిలెన్. "ఇంక నావల్ల కాదు."

ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మర్నాడు ఇంకొకావిడ ఆ మాట తడుముకోకుండా చెప్పేసింది.

ఏప్రన్ మాత్రం కుర్చీకే ఉంది. దాని జేబులో దారం ఎక్కించిన సూది, ఒక తెల్ల బొత్తాం.